మొదటి స్కైడైవ్‌కి చిన్న సెస్నా చాలా, పెద్ద విమానం ఉన్న చోటికే వెళ్ళాలా?

కొత్తపేట_కుర్రాడు

అందరికీ నమస్తే. మా ఫ్రెండ్స్ నలుగురం ఈ చలికాలం టాండెమ్ స్కైడైవ్ (ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకేది) చేద్దామనుకుంటున్నాం. ఎలాగూ హైదరాబాద్ దాటి వెళ్ళాలి కాబట్టి రెండు చోట్ల చూశాం. ఉత్తరాదిలో ఒక చోట సెస్నా 182లో 10,000 అడుగులకి తీసుకెళ్ళి దూకిస్తామన్నారు. రెండోది దుబాయ్ పామ్. అక్కడ ట్విన్ ఆటర్ విమానం, 13,000 అడుగులు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. మా బావ అక్కడే ఉద్యోగం చేస్తాడు. "ఒక్క ఇంజిన్ ఉన్న చిన్న విమానం ఎక్కడమేంట్రా, ఇంకో ఏడాది డబ్బులు పోగేసుకుని ఇక్కడికే రండి" అంటున్నాడు. మాలో ఇద్దరు బావ వైపు, ఇద్దరం మన దేశంలోనే చేద్దామని. విమానాన్ని బట్టి నిజంగా అంత తేడా ఉంటుందా? లోపల ఎలా ఉంటుంది? ఎక్కినవాళ్ళు చెప్పండి.

హైటెక్‌సిటీ_రెక్కలు

మీ బావ చెప్పిందే కరెక్ట్ బ్రదర్. నేను రెండు రకాలూ ఎక్కాను. ట్విన్ ఆటర్‌కి రెండు టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే) ఇంజిన్లు. ఇరవై మంది జంపర్లని ఎక్కించుకుని పావుగంటలో పైకి చేరుస్తుంది. సెస్నా 182లో పైలట్ కాక నలుగురు, అంతే. అరగంట దాకా మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి.

ఫ్రీ ఫాల్ (పారాచూట్ తెరిచేదాకా పడే సమయం) లెక్క కూడా చూడండి. మొదటి 1,000 అడుగులు పడడానికి సుమారు 10 సెకన్లు, ఆ తర్వాత ప్రతి 1,000 అడుగులకీ ఐదున్నర సెకన్లు పడుతుంది. టాండెమ్‌లో పారాచూట్‌ని 5,500 అడుగుల దగ్గర తెరుస్తారనుకుంటే, 10,000 నుంచి దూకినవాళ్ళకి అరనిమిషం కూడా నిండదు. 13,000 నుంచి అయితే 45 సెకన్లు దాటుతుంది. జీవితంలో ఒక్కసారి చేసే పనికి తక్కువతో ఎందుకు సరిపెట్టుకోవాలి? ఇంజిన్ సంగతి కూడా కొట్టిపారేయొద్దు. ఒకటి ఆగిపోతే రెండోది ఉంటుంది.

తార్నాక_ఏ_లైసెన్స్

సెకన్ల లెక్క సరైనదే. కానీ చిన్న విమానంలో అనుభవం తక్కువ అంటే నేను ఒప్పుకోను. నేను లైసెన్స్ కోసం చేసిన జంపుల్లో ఎక్కువ భాగం సెస్నా 182 నుంచే. అందులో ఏం జరుగుతుందో చెప్తాను.

పైలట్ సీటు తప్ప మిగతా సీట్లన్నీ తీసేసి ఉంటాయి. కింద పరిచిన మ్యాట్ మీదే కూర్చోవాలి, ముఖం తోకవైపు పెట్టి. మీ ఇన్‌స్ట్రక్టర్ మీ వెనకే ఉంటాడు. టేకాఫ్‌కి బెల్టు తప్పనిసరి. పైకి వెళ్తుంటే పొలాలు, చెరువులు నెమ్మదిగా చిన్నవవుతాయి. ఆ ఇరవై, ముప్పై నిమిషాలు కొందరికి విసుగు. నాకు మాత్రం ఊపిరి సర్దుకోవడానికి దొరికిన టైమ్ అది. దూకే ఎత్తు దగ్గర పడుతుండగా ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని తన ఒళ్ళోకి లాక్కుని భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు హుక్కులు తగిలించి గట్టిగా బిగిస్తాడు. ఆ బిగింపు ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి కూడా.

తర్వాత కుడివైపు తలుపు పైకి తెరుచుకుని రెక్క కింద అతుక్కుంటుంది. ఒక్కసారిగా చల్లగాలి, హోరు. పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 అడుగులకీ సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద 35 ఉంటే 10,000 అడుగుల పైన 15 దగ్గర ఉంటుంది. పైలట్ ఇంజిన్ పవర్ తగ్గిస్తాడు. మీరు చక్రం మీదున్న చిన్న మెట్టు మీద కాళ్ళు పెట్టాలి. చేతులు హార్నెస్ (ఒంటికి బిగించిన పట్టీలు) మీద, తల వెనక్కి. రెక్క, చక్రం, కింద నేల, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. పెద్ద విమానం తలుపులో నిలబడినప్పుడు ఆ దృశ్యం రాదు.

ట్విన్ ఆటర్‌లోనూ, సెస్నా వాళ్ళ పెద్ద విమానం కారవాన్‌లోనూ తలుపు వెనకవైపు ఎడమ పక్కన ఉంటుంది, షట్టర్‌లాగా పైకి చుట్టుకుంటుంది. టాండెమ్ వాళ్ళని మామూలుగా చివర్లో పంపిస్తారు. అంటే మీకు ముందు పదిమంది ఒక్కొక్కరే ఆ తలుపులోంచి మాయమవడం చూస్తూ ఉండాలి. ధైర్యవంతులకి అది పండగ. లోపల భయం ఉన్నవాళ్ళకి మాత్రం అక్కడే టెన్షన్ రెట్టింపవుతుంది.

మీ నలుగురికీ ఇంకో విషయం. 182లో రెండు టాండెమ్ జంటలు ఎక్కితే నిండిపోతుంది. కాబట్టి మీరు ఇద్దరిద్దరుగా రెండు సార్లు ఎగరాలి. బయటి నుంచి వీడియో తీసే మనిషికి చోటు ఉండదు, ఇన్‌స్ట్రక్టర్ చేతికున్న కెమెరాతోనే తీస్తాడు. ట్విన్ ఆటర్‌లో నలుగురూ కలిసే వెళ్ళొచ్చు. నలుగురూ ఒకేసారి ఎగరడమే ముఖ్యమైతే మీ బావ వైపు వాళ్ళు గెలిచినట్టే, ఇంజిన్ల వాదన అక్కర్లేదు.

సైనిక్‌పురి_మాజీ_పారా

నేను ఆగ్రాలో పారా ట్రైనింగ్ చేసి, సైనిక రవాణా విమానం ఏఎన్-32 వెనక ర్యాంప్ నుంచి దూకినవాణ్ణి. "రెండు ఇంజిన్లుంటే భయం లేదు" అనే మాట దగ్గర కుర్రాళ్ళు కాస్త ఆగాలి.

1992 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని పెరిస్ వ్యాలీలో కూలింది ట్విన్ ఆటరే. ఇంధనంలో నీళ్ళు కలవడంతో టేకాఫ్ అయిన వెంటనే ఒక ఇంజిన్ పవర్ పోయింది. రెండోది ఉంది కదా అనుకుంటారు, కానీ 16 మంది పోయారు. 2019 జూన్ 21న హవాయిలో కూలిన కింగ్ ఎయిర్ విమానానికీ రెండు ఇంజిన్లున్నాయి. టేకాఫ్ కాగానే పైలట్ విమానాన్ని దూకుడుగా తిప్పడంతో స్టాల్ అయిందని (రెక్కలు విమానాన్ని గాల్లో నిలబెట్టలేకపోయాయని) దర్యాప్తులో తేలింది. పైగా అంతకుముందు జరిగిన ఒక ప్రమాదంలో దాని రెక్క మెలితిరిగి ఉంది, అది సరిచేయకుండానే ఎగురుతోంది. మొత్తం 11 మందీ చనిపోయారు.

నా దృష్టిలో ఇంజిన్ల సంఖ్య కంటే ముందు అడగాల్సింది బరువు గురించి. మామూలు ప్రయాణికుల విమానంలో అందరూ ఎవరి సీట్లో వాళ్ళుంటారు. జంప్ విమానంలో దూకే సమయానికి మనుషులు తలుపు దగ్గరికి జరుగుతారు. షేర్ ఆటోలో వెనకవైపు ఎక్కువమంది ఎక్కితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు చూడండి, తలుపు వెనకున్న విమానం పరిస్థితీ అంతే. 2019 జులై 14న స్వీడన్‌లోని ఉమియో దగ్గర జీఏ8 ఎయిర్‌వాన్ కూలి 9 మంది చనిపోయారు. బరువు వెనక్కి పోయి ఉండడం, మేఘాల్లో పైలట్ అదుపు తప్పడం అందులో ప్రధాన కారణాలు. అందుకే "ఒకేసారి తలుపు దగ్గర ఇంతమందే ఉండాలి" అని పైలట్ చెప్తాడు. ఇన్‌స్ట్రక్టర్ కదలమనేదాకా కదలొద్దు. సెల్ఫీ కోసం అసలే వద్దు.

హైటెక్‌సిటీ_రెక్కలు

సార్, మీరు చెప్పిన ప్రమాదాలు కాదనను. కానీ పెద్ద విమానాలు నడిపే చోట రోజంతా లోడ్లు (జంపర్లని పైకి తీసుకెళ్ళే ట్రిప్పులు) నడుస్తాయి. పైలట్లకీ, ఇన్‌స్ట్రక్టర్లకీ చేయి తిరిగి ఉంటుంది. సీజన్‌లో కొన్ని వారాలు మాత్రమే నడిచే చోట ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకొకటి, టర్బైన్ ఇంజిన్ సెస్నా 182లో ఉండే పిస్టన్ ఇంజిన్ కంటే తక్కువగా ఫెయిల్ అవుతుంది. ఇది ఎవరైనా ఒప్పుకునే విషయమే.

బేగంపేట_ఏఎంఈ

విమానాల మెయింటెనెన్స్ నా వృత్తి. టర్బైన్ గురించి పై సభ్యుడు చెప్పింది నిజం. జాగ్రత్తగా చూసుకుంటే పీటీ6 లాంటి టర్బైన్ ఇంజిన్ చాలా నమ్మకమైనది. కారవాన్‌కీ ట్విన్ ఆటర్‌కీ అదే రకం ఇంజిన్. న్యూజీలాండ్ వాళ్ళ పీఏసీ 750 విమానానికీ అదే, కాకపోతే దానికి ఒకటే ఇంజిన్. దాన్ని స్కైడైవింగ్‌ని కూడా దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు, 17 మంది దాకా జంపర్లని మోస్తుంది. కాబట్టి "ఒక ఇంజిన్ అంటే చిన్న విమానం" అన్న లెక్క కూడా తప్పే.

కానీ జంప్ విమానం బతుకు వేరు. ఫుల్ పవర్‌తో పైకి, మనుషులు దూకగానే గబగబా కిందికి, మళ్ళీ నింపుకుని పైకి. ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, దిగేటప్పుడు చల్లబడుతుంది. టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు మామూలు విమానం కంటే చాలా ఎక్కువ. అందుకే "ఈ విమానం తక్కువ గంటలే ఎగిరింది" అంటే నేను సంతోషపడను. ఎన్నిసార్లు దిగిందో కూడా అడుగుతాను.

మీరనుకున్నట్టు చలికాలంలోనే వెళ్ళమనడానికి ఒక కారణం ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఉదాహరణకి మన హైదరాబాద్ పీఠభూమి మీద ఉంది. బేగంపేట రన్‌వేనే సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, అదే రన్‌వే ఇంకా ఎన్నో వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు విమానం ప్రవర్తిస్తుంది. టర్బో లేని పిస్టన్ ఇంజిన్‌కి ప్రతి 1,000 అడుగులకీ దాదాపు 3 శాతం పవర్ తగ్గుతుంది. 182 నిండా మనుషులతో మే నెల మధ్యాహ్నం పైకి పోవాలంటే చాలా నెమ్మదిగా పోతుంది. రన్‌వే పొడవు కూడా ఎక్కువ తింటుంది. అదే విమానం డిసెంబర్ పొద్దున హాయిగా ఎక్కుతుంది. మిమ్మల్ని ముందే తూకం వేసి, బరువు ఎక్కువైతే ఒకరిని తగ్గించే చోటు మంచి చోటు. తూకం వేశారని కోపం తెచ్చుకోకండి.

పిస్టన్ విమానాలకి కావాల్సిన ఏవిగ్యాస్ అనే ఇంధనం మనకి చాలా ఏళ్ళు దిగుమతి మీదే ఆధారపడి వచ్చేది. 2022లో ఇండియన్ ఆయిల్ ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. చిన్న విమానాలతో మన దేశంలో ఈ క్రీడ నిలబడాలని కోరుకునే నాకు అది మంచి వార్త.

తార్నాక_ఏ_లైసెన్స్

ఏఎంఈ గారికి థాంక్స్. హైటెక్‌సిటీ గారి అలవాటు వాదనలో బలం ఉంది, కానీ దానికి రెండో వైపు కూడా చూడాలి. ఇరవై మంది లోడ్ నిండాలి, విమానం ఖాళీగా ఎగరకూడదు, కింద ఇంకో ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. ఈ తొందర నేను పెద్ద డ్రాప్‌జోన్లలోనే (స్కైడైవ్ చేయించే చోట్లలోనే) చూశాను. ఒక చోట టాండెమ్ స్టూడెంట్‌కి కాళ్ళు ఎలా పెట్టాలో నేల మీద చూపించకుండా విమానం ఎక్కించబోతే, ఆ అమ్మాయే దిగిపోయింది. మంచి పని చేసింది.

తలుపు దగ్గర తొందర ఎందుకు ప్రమాదమో ఒక ఉదాహరణ. 2025 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 15,000 అడుగుల ఎత్తున ఒక జంపర్ కారవాన్ తలుపు దాటుతుండగా రిజర్వ్ (అత్యవసర) పారాచూట్ హ్యాండిల్ రెక్క వెనక అంచున కదిలే ఫ్లాప్‌కి తగిలి పారాచూట్ తెరుచుకుంది. అతను విమానం తోకకి చిక్కుకుని వేలాడాడు. దగ్గరున్న హుక్ నైఫ్‌తో తాళ్ళు కోసుకుని, మెయిన్ పారాచూట్‌తో దిగాడు. పైలట్ కూడా విమానాన్ని క్షేమంగా దించాడు. అంత అనుభవం ఉన్న బృందంలోనే ఇలా జరిగింది. అందుకే ఎక్కేముందు హ్యాండిళ్ళు సరిచూడడం, తలుపులో నెమ్మదిగా కదలడం ఏ విమానంలోనైనా తప్పదు.

కొత్తపేట_కుర్రాడు

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. నలుగురం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇంకొక్క డౌట్. పైకి వెళ్ళాక మేఘాలు కమ్మేస్తే, లేదా ఇంజిన్ ఏదైనా తేడా చేస్తే అప్పుడేంటి? దూకాల్సిందేనా? నాకే చివరి నిమిషంలో వద్దనిపిస్తే?

సైనిక్‌పురి_మాజీ_పారా

వద్దనిపిస్తే వద్దని గట్టిగా చెప్పు బాబూ. విమానంలోనే దిగొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంజిన్ తేడా వస్తే ఎత్తుని బట్టి నిర్ణయం. బాగా కింద ఉంటే అందరూ బెల్టులు పెట్టుకుని విమానంతోనే దిగుతారు. సరిపడా ఎత్తు ఉంటే ఇన్‌స్ట్రక్టర్ నిన్ను తీసుకుని దూకుతాడు. ఆ క్షణంలో నువ్వు ఆలోచించాల్సిన పని లేదు, ఆయన చెప్పింది చేయడమే. అందుకే "ఏ ఎత్తు దాకా విమానంతోనే ఉంటాం, ఏ ఎత్తు నుంచి దూకుతాం" అని నేల మీదే అడుగు. వెంటనే అంకె చెప్పని చోట డబ్బు కట్టకు.

బేగంపేట_ఏఎంఈ

మేఘాల సంగతి నేను చెప్తాను. కింద నేల కనబడకపోతే దూకించకూడదు. కాసేపు తిరిగి చూస్తారు, లేకపోతే దించేస్తారు. మళ్ళీ ఎగరడానికి ఛార్జ్ చేస్తారా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి.

జంపర్లతోనే కిందికి వస్తుంటే పైలట్ నెమ్మదిగా దిగాలి. టాండెమ్, విద్యార్థుల పారాచూట్లలో, మనిషి స్పృహ తప్పినా రిజర్వ్‌ని దానంతటదే తెరిచే చిన్న పరికరం ఉంటుంది. అది ఎత్తునీ, పడే వేగాన్నీ కొలుస్తుంది. విద్యార్థుల కోసం చేసిన కొన్ని రకాలు తక్కువ వేగానికే స్పందిస్తాయి. విమానం మరీ వేగంగా దిగితే, మనిషి పడిపోతున్నాడనుకుని లోపలే రిజర్వ్ తెరిచేస్తాయి. తలుపు తెరిచి ఉన్నప్పుడు అలా జరిగితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కాబట్టి దిగేటప్పుడు తలుపు మూసి ఉండాలి, బెల్టు మళ్ళీ పెట్టుకోవాలి. పెట్టుకోమని ఎవరూ చెప్పకపోతే మీరే అడిగి పెట్టించుకోండి.