చిన్నపిల్లల్ని "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగొచ్చా?

నిద్రలేనిఅమ్మ:
మా పాపకి ఎనిమిదేళ్లు. మొన్న హోంవర్క్ దగ్గర గట్టిగా తిట్టాను, అప్పుడేం ఏడవలేదు గానీ రాత్రి పడుకునేముందు "నేను లేకపోతే నీకు కోపం రాదు కదమ్మా" అంది. గుండె ఝల్లుమంది నాకు. ఏమనాలో తెలీక "పిచ్చి మాటలు మాట్లాడకు, పడుకో" అనేశాను. మా అక్క అడగొద్దే, లేనిపోని ఆలోచన నువ్వే ఎక్కించినట్టవుద్ది అంటోంది. మా ఆయనేమో ఈ వయసులో చావంటే ఏం తెలుసు, ఎక్కడో విని అనుంటుంది అంటున్నారు. అడగాలా వద్దా? అడిగితే ఏమని అడగాలి?

పాతసభ్యుడు:
నేను మీ అక్కగారి మాటకే ఓటేస్తాను. పెద్దవాళ్ల మాట చిన్నపిల్లల చెవిలో వేస్తే అదే పట్టుకుంటారు. మావాడు ఆరేళ్లప్పుడు ఆటలో ఓడిపోతే చాలు చచ్చిపోతా అనేవాడు, పట్టించుకోలేదు, కొన్నాళ్లకి వాడే మర్చిపోయాడు. దగ్గరకి తీసుకోండి, కాసేపు ఆడించండి, ఓ కన్నేసి ఉంచండి చాలు.

వార్డ్‌నర్స్:
పిల్లల వార్డులో చేస్తాను, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది, కానీ పరీక్షించి చూస్తే అది నిలబడలేదు. 2005లో న్యూయార్క్‌లో రెండువేలకి పైగా హైస్కూల్ పిల్లల మీద స్టడీ చేశారు, సగంమందిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, సగంమందిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధగానీ ఆ ఆలోచనలుగానీ పెరగలేదు, పైగా అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకి అడగడం వల్ల కాస్త ఊరటే కనిపించింది.

పాతసభ్యుడు:
అది హైస్కూల్ పిల్లల మీద కదండీ. ఎనిమిదేళ్ల పాపకి అదెలా వర్తిస్తుంది?

వార్డ్‌నర్స్:
మీరన్నది నిజమే, పెద్దపిల్లల స్టడీ తెచ్చి చిన్నపిల్లలకి అంటగట్టకూడదు. హాస్పిటల్స్‌లో ఈ ఆలోచనల గురించి అడగడానికి వాడే చిన్న ప్రశ్నల ఫారం కూడా ఎనిమిదేళ్లలోపు వాళ్లకి వాడమని చెప్పరు. ఎనిమిది నుంచి పదకొండు మధ్య పిల్లల్ని అనుమానం ఉన్నప్పుడు అడగమని, పన్నెండు దాటితే అందర్నీ అడగమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో చెప్పింది. అలాగని ఆరేళ్లవాడు అంటే వదిలెయ్యమని కాదు, ఫారం పక్కన పెట్టి వాడి మాటల్లోనే మాట్లాడి డాక్టర్‌కి చూపించమని.

ఇంకో మాట, చావంటే తిరిగిరాకపోవడమని పిల్లలకి తెలీదు కాబట్టి మనం భయపడక్కర్లేదు అంటారు చూడండి, నాకు అది తలకిందులుగా కనిపిస్తుంది. మళ్లీ లేచి రావచ్చు అనుకునే పిల్లకి చావంటే అసలు భయమే ఉండదు కదా. పైగా డిప్రెషన్ ఉండి ఇలాంటి మాటలు మాట్లాడే నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి చావు గురించి మిగతా పిల్లలకన్నా ఎక్కువే అర్థమవుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. కన్నేసి ఉంచితే చాలన్నారు, కానీ 2020లో తొమ్మిది పదేళ్ల పిల్లల మీద వచ్చిన పెద్ద స్టడీలో అలాంటి ఆలోచనలు వచ్చాయని పిల్లలే చెప్తే, వాళ్ల ఇంట్లోవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఆ సంగతే తెలీదు. వాళ్లు కన్నేసి ఉంచలేదనా? అడక్కపోతే తెలీదండీ, అంతే.

మూడోక్లాస్‌టీచర్:
మనం ఏడుపు కోసం చూస్తాం, చిన్నపిల్లల్లో అది చాలాసార్లు ఏడుపులా ఉండదు. అయినదానికీ కానిదానికీ కోపం, రోజూ కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన ఆట మానెయ్యడం, "నన్నెవరూ మిస్ అవ్వరు" అనడం, బొమ్మల్లో చావే గియ్యడం. కుదురుగా ఉండలేని, ఏది తోస్తే అది వెంటనే చేసేసే పిల్లల్ని అల్లరి అని కొట్టిపారేస్తాం గానీ వాళ్లని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నా క్లాసులో ఒక బాబు తనకెంతో ఇష్టమైన పెన్సిల్ బాక్స్ పక్కవాడికి ఇచ్చేస్తే ఎంత మంచి మనసో అని క్లాసందరి ముందు మెచ్చుకున్నాను, వాళ్లింట్లో ఏం జరుగుతోందో రెండు వారాల తర్వాత తెలిసింది. టైముకి సాయం అందింది, ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ రోజు చప్పట్లు కొట్టించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిద్రలేనిఅమ్మ:
ఏమని అడగాలో ఎవరైనా మాటల్లో చెప్పండి ప్లీజ్, నాకు నోరు పెగలట్లేదు.

వార్డ్‌నర్స్:
ఇద్దరే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, మామూలు గొంతుతో. "మొన్న రాత్రి నువ్వు లేకపోతే అన్నావు కదా, నేను సరిగ్గా వినలేదు, సారీ. చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అంతే, తర్వాత మీరు ఆగండి, పాప ఎంతసేపు తీసుకున్నా పర్లేదు. అవునంటే ఎప్పటినుంచి, ఎలా చెయ్యాలనుకుంది, ముందెప్పుడైనా చేసిందా అని మెల్లగా అడగండి. తప్పు కదూ, మేమేం తక్కువ చేశాం అని మాత్రం అనొద్దు, ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వెయ్యొద్దు. అలా చెయ్యనని పాపతో మాట తీసుకోవడం కూడా పనికిరాదు. ఇంట్లో మందులు, పురుగుమందులు, పదునైనవి ఇవాళే తాళం వేసి పెట్టండి, పాప ఏం చెప్పినా సరే. ఎలా చెయ్యాలో కూడా చెప్తే ఇక ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పాతసభ్యుడు:
ఆరేళ్ల పిల్లల దగ్గర ఆ మాట మనమే ముందు ఎత్తడం నాకింకా మింగుడుపడట్లేదు. కానీ ఇక్కడ పాపే ముందు అంది కాబట్టి అడగండి. నేను మావాణ్ణి అప్పుడు ఎందుకలా అంటున్నావని ఒక్కసారి కూడా అడగలేదు, మర్చిపోయాడనే అనుకున్నా.

నిద్రలేనిఅమ్మ:
అడిగాను. చాలాసేపు దిండు అంచు నలుపుతూ కూర్చుని "అప్పుడప్పుడు" అంది. స్కూల్లో ముగ్గురు పిల్లలు తనతో మాట్లాడటం మానేసి నెలయ్యిందట, ఇంటికొస్తే నేను తిడుతున్నాను, అందుకే ఎవరికీ అక్కర్లేదు అనుకుందట. ఎలా అన్నది ఆలోచించలేదంది. మా ఆయన విని ఇంకేం మాట్లాడలేదు, లేచి మందుల డబ్బాకి తాళం వేశారు. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఈ రాత్రికి నా పక్కనే పడుకుంది. అక్కడ ఇదంతా పాప ముందే చెప్పాలా, విడిగా చెప్పాలా?

వార్డ్‌నర్స్:
"నువ్వు చెప్పింది డాక్టర్‌కి చెప్తాను, మనకి హెల్ప్ చేస్తారు" అని పాపకి ఇవాళే చెప్పి తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ పాపతో కాసేపు, మీతో కాసేపు విడివిడిగా మాట్లాడతారు, వాళ్లు అనకపోతే మీరే అడగండి. స్కూల్ విషయం కూడా తప్పకుండా చెప్పండి. మధ్యలో రాత్రి ఏమన్నా తేడాగా అనిపిస్తే మాత్రం పొద్దున దాకా ఆగొద్దు.