గ్రామాలకు తరలండి: ఆ రిపోర్టులు ఎక్కడైనా దొరుకుతాయా?

ఎమర్జెన్సీ ఎత్తేశాక మా పెదనాన్న వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివారు. వేసవి సెలవుల్లో ఇంటికి రాకుండా, ‘గ్రామాలకు తరలండి’ అన్న పిలుపు అందుకుని, నక్సలైట్ రాజకీయాల రాడికల్ విద్యార్థి సంఘం వాళ్లతో ఊళ్లు తిరిగారట. ఆయన పాత ట్రంకుపెట్టెలో ఒక నోట్‌బుక్ ఉంది. ఏ దొరకు ఎంత భూమి, జీతగాడికి ఏడాదికి ఎన్ని బస్తాల వడ్లు, వెట్టి ఎవరు చేస్తున్నారు... అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

1972లో ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య, 1975లో విద్యార్థులు పోలీసుల చేతిలో చనిపోయిన గిరాయిపల్లి ఎన్‌కౌంటర్ గురించి చదివాను. ఈ ఊళ్ల సర్వేల గురించి మాత్రం పెద్దగా ఏమీ కనబడలేదు. సెలవులయ్యాక వీటిని ఏం చేసేవారు? కాలేజీకి తిరిగొచ్చినవాళ్లెవరు, తుపాకీ దాకా వెళ్లినవాళ్లెవరు? అందరినీ ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చదు. అప్పటి కరపత్రాలు, రిపోర్టులు ఏ లైబ్రరీలోనైనా దొరుకుతాయా? పెదనాన్నను అడిగితే, టీ తాగుదాం పదరా అంటూ మాట మార్చేస్తున్నారు.