ఆటోమేటిక్ కారు కొనేవాళ్లకు గేర్ల బండి నేర్పడం అవసరమా?

సీతమ్మధార_నాన్న: అమ్మాయికి రుషికొండలో ఉద్యోగం. ఎల్‌ఎల్‌ఆర్ తీసి 30 రోజులు దాటింది, ఇక టెస్టుకు వెళ్లొచ్చు. కొనబోయేది ఆటోమేటిక్. డ్రైవింగ్ స్కూలువాళ్లు మాత్రం గేర్ల బండి మీదే నేర్పుతున్నారు. క్లచ్ తెగ టెన్షన్ పెడుతోందట. మానేయమననా?

పెందుర్తి65: మానొద్దు. హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది, వెనక ఆర్టీసీ బస్సు. అప్పుడేం చేయాలి? హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ చప్పుడు మందగిస్తుంది, బండి ముందుభాగం కాస్త లేస్తుంది. అక్కడ పాదం ఆపి (అదే హాఫ్ క్లచ్), యాక్సిలరేటర్ ఇస్తూ హ్యాండ్ బ్రేక్ దించాలి. అది వచ్చినవాడికే డ్రైవింగ్ వచ్చినట్టు.

గాజువాక_అక్క: ఆటోమేటిక్‌లో ఈ కసరత్తే ఉండదండీ. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉంటుంది.

పెందుర్తి65: అన్ని బండ్లకూ ఉండదు. ఆటోమేటిక్‌లోనే ఏఎంటీ అనే రకం ఉంది, దాని లోపల మామూలు క్లచ్చే, మన కాలి బదులు యంత్రం తొక్కుతుంది, అంతే. హిల్ హోల్డ్ లేకపోతే అదీ వెనక్కి జారుతుంది.

గాజువాక_అక్క: జారితే బ్రేక్ ఉందిగా?

పెందుర్తి65: బ్రేక్ తొక్కుకుంటూ ఎండాడ ఎక్కుతారా?

హాఫ్_క్లచ్: పేరు నాది, గొడవ మీది.

మధురవాడ_బాబు: ఇంగ్లండులో ఆటోమేటిక్ మీద టెస్టు పాసైతే గేర్ల బండి నడపనివ్వరు. మన కార్ల లైసెన్సులో (ఎల్‌ఎంవీ) ఆ తేడా లేదు. ఏది నేర్చుకున్నా ఒకటే.

పెందుర్తి65: లైసెన్సు కాగితం బాబూ. ఆటోమేటిక్ వాళ్లు బండిలో కూర్చుంటారు, నడపరు.

గాజువాక_అక్క: ఈ మాట ముందూ విన్నాను. 2016లో సింహాచలం ఘాట్‌లో మలుపు దగ్గర మూడుసార్లు బండి ఆఫ్ అయిపోయింది. "నీ వల్ల కాదు, దిగు" అన్నారు మావారు, పిల్లల ముందే. ఆరేళ్లు తాళం ముట్టుకోలేదు. ఇప్పుడు రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా మద్దిలపాలెం ఆటోమేటిక్‌లోనే వెళ్తున్నాను. కూర్చునే వెళ్తున్నాను లెండి.

పెందుర్తి65: అరిచింది మీవారు. క్లచ్ ఏం చేసింది?

గాజువాక_అక్క: అరవడానికి ఆయనకు క్లచ్చే దొరికింది. సరే, మీరెప్పుడైనా ఆటోమేటిక్ నడిపారా?

(రెండు గంటలు ఆయన జవాబు లేదు.)

పెందుర్తి65: నడిపాను. మా అబ్బాయిది. సెల్లార్‌లో ఎడమ కాలితో క్లచ్ అనుకుని బ్రేక్ తొక్కేశాను. మనవడి నుదురు సీటుకు కొట్టుకుంది. చిన్న దెబ్బే. అప్పట్నుంచి "నాన్నా, మీరు పక్కన కూర్చోండి" అంటున్నాడు. 31 ఏళ్లు నడిపినవాణ్ణి.

గాజువాక_అక్క: ఎడమ కాలు వెనక్కి మడిచి పెట్టుకోండి. వారంలో అలవాటవుతుంది.

పెందుర్తి65: కాలు మడుచుకుని కూర్చోవడం డ్రైవింగా?

హాఫ్_క్లచ్: మళ్లీ మొదలు.

సీతమ్మధార_నాన్న: స్కూలు బండిలో నేర్పేవాడి వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరు తొక్కారో అమ్మాయికే తెలియదట. అందుకే ఆదివారం మా పాత బండి తీద్దామనుకున్నాం. మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. క్లచ్ గురించి ఒక్క మాటా అడగలేదు. "పక్కన కూర్చునేది నువ్వేనా?" అంది. ఏం చెప్పమంటారు?