డయాలసిస్ వద్దంటున్న అమ్మతో పరలోకం గురించి ఎలా మాట్లాడాలి?

అందరికీ వందనాలు. మా అమ్మకి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. సూదులు గుచ్చీ గుచ్చీ చెయ్యి గట్టిపడిపోయింది. దాహమేసినా గ్లాసు నిండా నీళ్లు తాగడానికి లేదు. ఈమధ్య "ఇంక చాలమ్మా, ప్రభువు దగ్గరికి వెళ్లిపోతాను, అక్కడ కన్నీళ్లుండవు" అంటోంది. దేవుడు ప్రతి కన్నీటినీ తుడిచేస్తాడనే బైబిల్ వచనం, ప్రకటన 21:4, ఆమెకు కంఠతా వచ్చు. ఆ నిరీక్షణ (ఆశ) నాకూ ఉంది, కాదనలేను. కానీ అమ్మ చేత ఆ మాట అనిపిస్తున్నది విశ్వాసమా, అలసటా అన్నది తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

అపొస్తలుడైన పౌలు చెరసాల నుంచి ఫిలిప్పీ సంఘానికి (ఫిలిప్పీయులకు) రాస్తూ (1:23-24) క్రీస్తుతో ఉండటమే మేలంటాడు, అయినా మీ కోసం నేను శరీరంలో ఉండటం అవసరం అంటాడు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దూత తట్టిలేపి, ముందు నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించి తినమన్నాడు. ఆ భాగం నాకెంతో ఇష్టం. చదివి వినిపిస్తే "నన్ను ఆపడానికే చదువుతున్నావు" అంటుందేమోనని భయం.

డాక్టరుతో కూడా మాట్లాడుతున్నాం. ఇంట్లో ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు, పాస్టర్లు దయచేసి చెప్పండి. పరలోకం మీద ఆమె ఆశ చెదరకుండా, ఇక్కడి రోజుల మీద కూడా ఇష్టం కలిగేలా ఏం మాట్లాడాలి? ఇద్దరం కలిసి ఏ వాక్యభాగాలు చదువుకోవచ్చు?