మాజీ సైనికుడి డిసెబిలిటీ పెన్షన్: పాప మెయింటెనెన్స్ బకాయి రాబట్టేదెలా?

ప్రశ్న (పాప తల్లి, శ్రీకాకుళం జిల్లా):
అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి, మోకాలు దెబ్బతిని మెడికల్ బోర్డు మీద ఇంటికొచ్చేశాడు. డిసెబిలిటీ పెన్షన్ వస్తోంది. మేం విడిగా ఉంటున్నాం. పాప పోషణకి (మెయింటెనెన్స్) నెలకి 6,000 ఇవ్వాలని 2023లో కోర్టు ఆర్డరిచ్చింది. కొన్నాళ్ళు ఫోన్‌పే చేశాడు, తర్వాత మానేశాడు. అడిగితే "అది నా ఒంటికి తగిలిన దెబ్బకి ఇచ్చే డబ్బు, ఏ కోర్టూ ముట్టుకోలేదు, పోయి ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో" అంటున్నాడు. నాది ప్రైవేటు స్కూల్లో చిన్న ఉద్యోగం. ఫీజు బాకీ ఉందని పాప డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపుతున్నారు. ఆ పెన్షన్‌ని నిజంగానే ముట్టుకోకూడదా? బకాయి వదులుకోవాల్సిందేనా?

జవాబు (రిటైర్డ్ సుబేదార్):
అమ్మా, ఆయన సర్వీసులో ఉన్నప్పుడైతే పని తేలిక. భార్యాపిల్లల మెయింటెనెన్స్ కోసం ఆర్మీ చట్టం ప్రకారం జీతంలోంచే కోత పెడతారు, యూనిట్‌కి అర్జీ పెట్టుకుంటే చాలు. డిశ్చార్జి అయ్యాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు కమాండింగ్ ఆఫీసర్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదు.

ఒక్కటి గమనించండి. డిసెబిలిటీ పెన్షన్ అంటే మొత్తం గాయానికిచ్చే డబ్బు కాదు. అందులో చేసిన సర్వీసుకిచ్చే సర్వీస్ ఎలిమెంట్ వేరు, గాయానికిచ్చే డిసెబిలిటీ ఎలిమెంట్ వేరు. కోర్టులో కొందరు మొదటిదే చూపించి రెండోది దాచేస్తారు. పి.పి.ఓ. (పెన్షన్ మంజూరు ఆర్డరు), స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) నుంచి వచ్చే పెన్షన్ స్లిప్ రెండూ కోర్టులో వేయించమని అడగండి. ఇంతకీ ఆయన ఖాళీగా ఉన్నాడా, ఎక్కడైనా డ్యూటీ చేస్తున్నాడా? డి.ఎస్.సి.లో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) మళ్ళీ చేరి ఉంటే మాత్రం ఆర్మీ చట్టం మళ్ళీ వర్తిస్తుంది.

జవాబు (ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు):
ఆయన మాటలో సగం నిజముంది, అందుకే వినేవాళ్ళు భయపడిపోతారు. 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ ప్రకారం అప్పులవాళ్ళు పెన్షన్‌ని జప్తు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనూ ప్రభుత్వ పెన్షన్‌కి రక్షణ ఉంది. కానీ కన్నబిడ్డ అప్పులవాడు కాదు కదా. మెయింటెనెన్స్‌ని మామూలు అప్పుగా చూడకూడదని, దాని కోసం పెన్షన్‌ని జప్తు చేయొచ్చని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఒక కేసులో చెప్పింది. మన హైకోర్టు తీర్పు కాదు కాబట్టి ఇక్కడి జడ్జి దానికి కట్టుబడాలని లేదు, అయినా చేతిలో పెట్టుకుని వాదించడానికి బాగా పనికొస్తుంది.

పెన్షన్ మీద కోత పడినా పడకపోయినా బాకీ మాత్రం బాకీయే. రిటైరయ్యాను కాబట్టి తగ్గించండి అనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015లో షమీమా ఫారూఖీ కేసులో భర్త ఆర్మీలో నాయక్‌గా చేసి రిటైరైనవాడే. ఆ కారణంతో హైకోర్టు 4,000ని 2,000కి తగ్గిస్తే, సుప్రీంకోర్టు మళ్ళీ 4,000 చేసింది. మీ ఆయనకి అంత కష్టంగా ఉంటే ఆర్డరు మార్చమని పిటిషన్ వేసుకోవాలి. అది వేయకుండా సొంతంగా ఆపేసే హక్కు లేదు.

మీరు చేయాల్సింది: పాత సి.ఆర్.పి.సి. 125 సెక్షన్ బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144(3) కింద అమలు పిటిషన్ వేయాలి. మేజిస్ట్రేటు వారెంట్ ఇచ్చి వస్తువులు జప్తు చేయించొచ్చు, కలెక్టరు ద్వారా వసూలు చేయించొచ్చు. అప్పటికీ కట్టకపోతే, కట్టని ఒక్కో నెలకి ఒక నెల దాకా జైలు వేయొచ్చు. చాలా కేసుల్లో డబ్బు కదిలేది ఈ చివరి మాట వినపడ్డాకే.

ఇందులో ఒక చిక్కుంది. ఏ నెల డబ్బు బాకీ పడిందో, అప్పటి నుంచి ఏడాదిలోగా ఈ పిటిషన్ వేయాలి. "తర్వాత చూద్దాం" అనుకుంటే పాత నెలలకి వారెంట్ రాదు. ఇప్పటికే ఏడాది దాటిన నెలల సంగతేంటని అడుగుతారేమో. ఆ డబ్బు మీద హక్కు పోదని పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని సివిల్ డిక్రీలాగా అమలు చేయించుకోవచ్చని రజనీష్–నేహ కేసులో, 2020లో, స్పష్టం చేసింది.

పాప తల్లి:
చాలా థాంక్స్ సార్. ఆయన వైజాగ్‌లో ఒక ఏజెన్సీ తరఫున ఏటీఎం దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడని తెలిసింది. కోర్టులో మాత్రం "నడవలేను, పని చేయలేను" అన్నాడు. ఇంకో సందేహం. జైలుకెళ్ళొస్తే బాకీ కొట్టేసినట్టేనని మా వాళ్ళంటున్నారు.

లాయరు:
కాదమ్మా. జైలు వేసేది కట్టించడానికి. శిక్ష అనుభవించినంత మాత్రాన బాకీ తీరదని కుల్దీప్ కౌర్ కేసులో 1989లోనే తేల్చేశారు.

ఆ డ్యూటీ సంగతి చాలా ముఖ్యం. పెన్షన్ చుట్టూ ఉన్న గొడవ జీతానికి లేదు. మెయింటెనెన్స్ డిక్రీకైతే జీతంలో మూడో వంతు అతనికి వదిలి, మిగతా రెండొంతుల దాకా జప్తు చేయొచ్చు. ఏజెన్సీ పేరు, డ్యూటీ పాయింటు వివరాలు ఇచ్చి, యజమానిని జీతం పత్రాలతో పిలిపించమని అడగండి. ఆస్తులూ ఆదాయాల అఫిడవిట్ అతనిచేత వేయించండి. అందులో అబద్ధం రాస్తే అది ఇంకో కేసు.

ఇక మీరు వైజాగ్ తిరగాలనేమీ లేదు, ఇక్కడే వేయొచ్చు. అతను అక్కడున్నాడు కాబట్టి, కావాలంటే అక్కడి మేజిస్ట్రేటు ద్వారా కూడా ఆర్డరు అమలు చేయించవచ్చు. ఎక్కడ వేయడం లాభమో మీ లాయరుతో మాట్లాడుకోండి. ఫీజు భయం వద్దు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మీ బ్యాంకు స్టేట్‌మెంట్, ఏ నెల ఎంత వచ్చింది ఎంత రాలేదు అని ఒక కాగితం మీద రాసిన లెక్క పట్టుకెళ్ళండి. ఆ లెక్క లేకుండా వచ్చేవాళ్ళకే వాయిదాలు ఎక్కువ పడతాయి.

రిటైర్డ్ సుబేదార్:
ఇంకొక్కటి, ఇది ఎవరూ చెప్పరు. పాప పుట్టినప్పుడు పార్ట్ టూ ఆర్డరు (కుటుంబ వివరాలు ఆర్మీ రికార్డుల్లో ఎక్కించే ఆర్డరు) పడిందా, రికార్డుల్లో పేరుందా చూసుకోండి. రేపు ఆయనకి ఏమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్‌లో పిల్లలకి హక్కు ఉంటుంది. పేరు లేకపోతే అప్పుడు పరుగులు పెట్టాలి. జనన ధృవీకరణ పత్రం తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి.

పాప తల్లి:
పేరుందో లేదో నాకు తెలీదు సార్. పుట్టిన సర్టిఫికెట్ మాత్రం ఉంది. సోమవారం న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తున్నా, అటునుంచి సైనిక సంక్షేమ ఆఫీసుకి కూడా వెళ్తాను.