అప్‌డేట్: మావాడి మోచెయ్యి, చింతపిక్కల లెక్క

రెండు నెలల కిందట అడిగాను కదా, రాయగడలో బేస్‌బాల్ ఆడే మా 12 ఏళ్ల వాడికి బంతి విసిరితే మోచెయ్యి లోపలివైపు నొప్పి, ఆట మానిపించాలా అని. మానిపించలేదు. విశాఖ తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు చూపించాం. ఈ వయసులో ఎముక చివర ఎదిగే భాగం ఇంకా లేతగానే ఉంటుందట, అతిగా విసిరితే దెబ్బ అక్కడే. ఆరు వారాలు బంతి ముట్టొద్దన్నారు. ఇంట్లో నరకం చూపించాడనుకోండి!

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో, బంతి విసిరే 11, 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే హద్దు. 66కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. మేం 40కే ఆపేస్తున్నాం. కోచ్‌గారు మొదట ముఖం చిట్లించారు.

నా కుడి జేబులో 40 చింతపిక్కలు, బంతికొకటి ఎడమ జేబులోకి. మొన్న ఇంకా మూడు మిగిలుండగానే వాడే వచ్చేశాడు. నాకు టెన్షన్. నొప్పా అంటే, ఆకలి అన్నాడు.