మనుషులు చనిపోయిన యుద్ధకాలపు ఓడలు, విమానాల దగ్గరికి సరదాకి డైవింగ్ వెళ్ళొచ్చా?

ఉప్పునీళ్ళ_శ్రీను:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్లో నేనూ మా ఆఫీసు ఫ్రెండూ మాల్టా వెళ్తున్నాం. ఇద్దరం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. నాకు 64 డైవ్‌లు అయ్యాయి, డీప్ కోర్సు కూడా చేశాను. అక్కడ షోర్బ్ ఇల్ అజిన్ అనే చోట 42 మీటర్ల లోతులో రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ బ్లెన్‌హైమ్ బాంబర్ ఉంది. ఇసుకలో రెక్కలు అలాగే చాచుకుని, ఇంజన్ల చుట్టూ చేపలు తిరుగుతూ... ఆ ఫోటోలు చూసినప్పట్నుంచీ నాకు అదే ధ్యాస.

సమస్య మా ఆవిడతో వచ్చింది. "చచ్చిపోయినవాళ్ళు ఉన్నచోటికెళ్ళి ఫోటోలు దిగుతారా? మీ తాతగారి సమాధి దగ్గర ఇలాగే చేస్తారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

కుర్సురా_గట్టు:
తమ్ముడూ, మీ ఆవిడ కరెక్టుగా అడిగింది.

నేను నేవీలో 22 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, విశాఖలోనే ఉంటున్నాను. మా ఊరి ముందు సముద్రంలో గాజీ ఉంది. 1971 డిసెంబర్ 3-4 రాత్రి మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. 93 మంది అందులోనే పోయారు. మన మీదికి వచ్చినవాళ్ళే, ఒప్పుకుంటాను. కానీ 2024లో మన నేవీ వాళ్ళు కొత్త రెస్క్యూ వాహనంతో సుమారు 100 మీటర్ల లోతులో దాన్ని గుర్తించినప్పుడు ఏం చేశారు? ముట్టుకోలేదు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ మీద గౌరవంతో అలాగే వదిలేశారు. శత్రువు విషయంలోనే మనం అంత పద్ధతిగా ఉన్నాం కదా. సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూడాలని ఉంటే ఆర్.కె. బీచ్‌లో కుర్సురా ఉంది, టికెట్ కొనుక్కుని చూడు. అది మునిగినది కాదు, ఎవరి సమాధీ కాదు.

గోదారి_పిల్ల:
శ్రీను గారూ, ముందు ఒక విషయం తేల్చుకుందాం. బ్లెన్‌హైమ్‌లో ఎవరూ చనిపోలేదు. 1941 డిసెంబర్ 13న ఇటలీ ఫైటర్ దెబ్బకి అది నీళ్ళ మీద దిగింది, సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. మీ ఆవిడకి ఈ సంగతి చెప్పండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నేను నాలుగేళ్ళుగా మాల్టాలో ఉంటున్నాను, నర్సుని. ఇక్కడ మునిగినవన్నీ ఒకలాంటివి కావు. స్టబ్బర్న్ అనే సబ్‌మెరైన్ 56 మీటర్ల దగ్గర ఉంది. దాన్ని యుద్ధం అయిపోయాక, 1946లో, సోనార్ (శబ్దంతో నీళ్ళకింద వెతికే పరికరం) ప్రాక్టీసు కోసం బ్రిటిష్ నేవీ వాళ్ళే ముంచేశారు. అది ఎవరి సమాధీ కాదు. అర్జ్ అనే మరో సబ్‌మెరైన్ 1942 ఏప్రిల్‌లో మైన్ తగిలి 44 మందితో పోయింది, 130 మీటర్ల లోతులో ఉంది. దాని గురించి కుర్సురా బాబాయ్ గారు చెప్పిన మాటకి నేనూ చేయెత్తుతాను. కానీ అర్జ్‌కీ బ్లెన్‌హైమ్‌కీ ఒకే రూలు పెడితే ఎలా?

ఉప్పుచేప:
అక్కా సూపర్. నాదొక డౌటు. ఈ "సమాధి, గౌరవం" అనేది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు?

1915 డిసెంబర్ 30న క్రీట్ దగ్గర పెర్షియా అనే ప్రయాణికుల ఓడని జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. 519 మందిలో 343 మంది పోయారు. వాళ్ళలో ఓడలో పనిచేసే మన లస్కర్లు కూడా ఉన్నారు. కపుర్తలా మహారాజా నగలు అందులో ఉన్నాయని పేరు. ఆయన మాత్రం ముందే మార్సే రేవులో దిగిపోయాడు! 2003లో దాదాపు 3 కిలోమీటర్ల లోతుకి యంత్రాలు దించి ఓడని తెరిచి కెంపులు పైకి తెచ్చారు. అప్పుడు సమాధి అని ఎంతమందికి గుర్తొచ్చింది? నేవీ అయితే సమాధి, కూలీలు పోతే ఖజానానా?

కాబట్టి శ్రీను అన్నా, నువ్వెళ్ళి చేపల్ని చూసి వస్తే కొంపలేం మునగవు. మునగాల్సినవి ఎప్పుడో మునిగాయి.

కుర్సురా_గట్టు:
ఉప్పుచేపా, పెర్షియా విషయంలో నువ్వన్నది నిజం. అది తప్పే. కానీ ఒక తప్పు చూపించి ఇంకో దానికి లైసెన్సు అడగకు.

లోతుకొలత:
సమాధి సంగతి మీరు తేల్చండి. నాకు మాత్రం పోస్టులో మొదటి పేరానే కనబడుతోంది. 64 డైవ్‌లు, 42 మీటర్లు. శ్రీనూ, ఏ సిలిండర్‌తో వెళ్తున్నావు? సింగిల్ 12 లీటర్లతో అయితే ఇది చదువు.

42 మీటర్ల దగ్గర ఒత్తిడి 5.2 బార్, అంటే పైన ఉన్నదానికి దాదాపు అయిదు రెట్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు అక్కడ 104 లీటర్లు పీలుస్తాడు. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ నింపితే 2400 లీటర్లు. "23 నిమిషాలు వస్తుంది, చాలు" అనుకుంటారు చాలామంది. చాలదు. మీ ఫ్రెండుకి గాలి అయిపోయిందనుకో. ఇద్దరూ ఒకే సిలిండర్ మీద, ఇద్దరికీ కంగారు, పైన నిమిషానికి మనిషికి 30 లీటర్ల లెక్కన 60. అడుగున సర్దుకోవడానికి ఒక్క నిమిషం వేసుకో, 312 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి ఇంకో 870. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి 270. మొత్తం దాదాపు 1450 లీటర్లు, అంటే 120 బార్. సిలిండర్ గేజి 120 చూపించేసరికి తిరిగి బయల్దేరాలన్నమాట. దిగడానికి పోయింది తీసేస్తే అడుగున నీకు మిగిలేది 7 నిమిషాలు. డీకంప్రెషన్ (ఒంట్లో చేరిన నత్రజని పోవడానికి పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగడం) లేకుండా ఆ లోతులో ఉండగలిగే టైము కూడా 10 నిమిషాల లోపే.

పైగా స్పోర్ట్ డైవింగ్ హద్దు 40 మీటర్లు. రెండు మీటర్లే కదా అంటావు. అలా అనుకున్న ప్రతివాడూ ఇంకో రెండు మీటర్లకి ఒప్పుకుంటాడు.

ఉప్పునీళ్ళ_శ్రీను:
సింగిల్ 12 అనే అనుకున్నాం అన్నా... ఈ లెక్క మా కోర్సులో ఇలా ఎవరూ వేసి చూపించలేదు. బుకింగ్ వాళ్ళు కూడా "డీప్ కార్డు ఉందా" అని అడిగి ఊరుకున్నారు.

లోతుకొలత:
కార్డు ఊపిరి పీల్చదు కదా. ఇంకోటి, మత్తు. లోతులో ఒత్తిడికి, పీల్చే గాలిలోని నత్రజనే మత్తెక్కిస్తుంది, అది ఎలా ఉంటుందో చెప్తా విను. నేను కొత్తలో 38 మీటర్ల దగ్గర గేజి చూశాను. 110 అని ఉంది. చూసి వదిలేశాను. మళ్ళీ చూశాను, 110. అంకె కనబడుతోంది, కానీ 110 అంటే ఎక్కువా తక్కువా అన్నది బుర్రకి ఎక్కట్లేదు. భయం లేదు, టెన్షన్ లేదు, అదే అసలు ప్రమాదం. మా టీచర్ వచ్చి జాకెట్ పట్టుకుని పది మీటర్లు పైకి లాగాక తెర తీసినట్టు అంతా అర్థమైంది. అప్పుడు వేసింది భయం.

గోదారి_పిల్ల:
నేనూ ఒకటి చూశాను. నేను పనిచేసిన చోటికే కిందటేడు ఒకాయన్ని తీసుకొచ్చారు, యాభై దాటినాయన. మోచేయి నొప్పి, బరువులు మోయడం వల్ల అంటున్నాడు. చేతి మీద పాలరాయి మీద చారల్లాగా ఊదారంగు మచ్చలు. బెండ్స్, అంటే లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో నత్రజని బుడగలు కట్టే జబ్బు. డైవ్ ఎంత లోతు అని అడిగితే "కొంచెం లోతే" అన్నాడు, మూడుసార్లు అడిగాక 46 అన్నాడు. ఇక్కడ ప్రెషర్ ఛాంబర్ ఉంది కాబట్టి సరిపోయింది. వాళ్ళావిడ బయట కుర్చీలో కూర్చుని తడి టవల్ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది, నాలుగు గంటలు.

సరే, విషయానికి వస్తాను. బాబాయ్ గారూ, మీతో ఒక్కచోట పేచీ ఉంది. ముట్టుకోకుండా వదిలేయడమే ఎప్పుడూ గౌరవం అంటారా? బెన్‌గైసా దగ్గర 55 మీటర్ల లోతులో అమెరికన్ బి-24 బాంబర్ ఉంది. 1943 మే 6న ఇటలీ మీద దాడికి వెళ్ళి, ఇంజన్లు దెబ్బతిని మాల్టా చేరబోతూ సముద్రంలో పడింది. పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. గాయపడిన గన్నర్ ఇర్వింగ్ న్యూమన్ ఒక్కడే విమానంతో పాటు వెళ్ళిపోయాడు. వయసు 22. మాల్టా యూనివర్సిటీ వాళ్ళు డైవర్లతో దిగి, ఇసుక తవ్వి, అవశేషాలు తీసి అమెరికా పంపారు. 80 ఏళ్ళ తర్వాత గుర్తుపట్టారు. సమాధి అని ఎవరూ దిగకపోయి ఉంటే?

కుర్సురా_గట్టు:
అమ్మా, ఆ పని చేసినవాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ వాళ్ళు అనుమతితో, ఆ ఒక్క పనికోసం దిగారు. శ్రీను దిగేది సెలవులకి. రెండూ ఒకటే అని నువ్వే అనలేవు.

నేను నేవీలో ఉండగా చూశాను. మునిగిన పడవలోంచి ఇత్తడి పీస్ తెచ్చి షోకేస్‌లో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు ఒకాయన. ఎవరిది అని అడిగితే "సముద్రానిది" అనేవాడు. సముద్రానిదట! చూడటం దగ్గర మొదలవుతుంది, జేబు దగ్గర ఆగుతుంది.

గోదారి_పిల్ల:
అందుకే ఇక్కడ 2019 నుంచి ప్రభుత్వ వారసత్వ సంస్థలో దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టారు. లోతైన వాటికి ఎవరు పడితే వాళ్ళు పోవడానికి లేదు. రిజిస్టరైన డైవ్ సెంటర్ ద్వారానే, ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళాలి. ఏదీ ముట్టుకోకూడదు.

చట్టాల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. యునెస్కో 2001 ఒప్పందం నీటికింద 100 ఏళ్ళు దాటినవాటికే వర్తిస్తుంది. అంటే 1915 నాటి పెర్షియా లెక్కలోకి వస్తుంది, 1942 నాటి అర్జ్ ఇంకా రాదు. మాల్టా చట్టానికి 50 ఏళ్ళు చాలు. బ్రిటన్‌కి 1986 నుంచి సైనిక అవశేషాల చట్టం వేరే ఉంది. అయినా ఆ యునెస్కో ఒప్పందం కూడా చూడొద్దు అనట్లేదు. ఉన్నచోటే ఉంచండి, పాడుచేయకుండా చూస్తే మంచిదే అంటోంది.

ఉప్పుచేప:
అంటే పోయినవాళ్ళకి గౌరవం దక్కాలంటే వందేళ్ళు క్యూలో నిలబడాలన్నమాట. మన ఆఫీసులే నయం.

లోతుకొలత:
బాబాయ్ మాటలో ఒక నిజం ఉంది. జేబులో వేసుకోకపోయినా పాడవుతుంది. విమానాలు అల్యూమినియం, 80 ఏళ్ళ ఉప్పునీళ్ళలో బిస్కెట్ లాగా అయిపోయి ఉంటాయి. బాలన్స్ తప్పినవాడు ఆపుకోవడానికి చేయి వేసేది రెక్క మీదే. మత్తులో ఉన్నవాడు, గాలి లెక్క తప్పినవాడు, వీళ్ళకి కాళ్ళు ఎక్కడున్నాయో తెలీదు. నా దృష్టిలో గౌరవం, సేఫ్టీ వేరువేరు టాపిక్‌లు కావు. 42 మీటర్ల దగ్గర ఇసుకకి మీటరు ఎత్తులో కదలకుండా నిలబడి, గేజి చదివి అర్థం చేసుకోగలిగినవాడు చూస్తే నాకు అభ్యంతరం లేదు. లేనివాడు వెళ్తే తనకీ ప్రమాదం, దానికీ ప్రమాదం.

కుర్సురా_గట్టు:
ఈ మాట ఒప్పుకుంటాను. సగం.

ఉప్పునీళ్ళ_శ్రీను:
రాత్రి కూర్చుని లెక్క నేనే వేశాను. నా గాలి వాడకం 20 కాదు, పాత డైవ్‌లు తీసి చూస్తే 24. నాకు 7 నిమిషాలు కూడా రావు. డైవ్ సెంటర్‌కి మెయిల్ పెట్టి బ్లెన్‌హైమ్ తీయించేశాను. దాని బదులు వలెట్టా దగ్గర మావోరీ చూస్తాం, 15 మీటర్లే. 1942 ఫిబ్రవరిలో బాంబు పడి మునిగిన డిస్ట్రాయర్. బిస్మార్క్ అనే జర్మన్ యుద్ధనౌక మునిగినప్పుడు నీళ్ళలో ఉన్న జర్మన్ నావికుల్ని పైకి లాగిన ఓడల్లో అదీ ఒకటి అని మా ఆవిడకి చెప్పాను. "అయితే చూసి రండి" అంది. తర్వాత "ఫోటో మాత్రం వద్దు" అంది.

లోతుకొలత అన్నా, ట్విన్ సిలిండర్లు, ట్రైమిక్స్ (మత్తు తగ్గడానికి హీలియం కలిపిన గాలి) కోర్సుకి ఎన్ని డైవ్‌లు ఉండాలి?

లోతుకొలత:
ముందు 100 చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం.

గోదారి_పిల్ల:
సెప్టెంబర్లో పైన నీళ్ళు 26 డిగ్రీలు ఉంటాయి కానీ లోతుకి పోతే చల్లబడతాయి. 5 ఎం.ఎం. సూట్ తెచ్చుకోండి. అలాగే ఇక్కడ దొరకదు, గోంగూర పచ్చడి ఒక సీసా.